నేల నుంచి లేచిన మూడు నిమిషాలకే విమానం పైకి వెళ్లడం ఆపేసింది: అప్పుడు ఏమి జరిగి ఉంటుంది?

ముమ్మిడివరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్న ఇది. వారి అమ్మాయి, అల్లుడు ఈ మధ్య ఒక పెద్ద నగరం నుంచి విమానంలో బయలుదేరారు. లేచిన రెండు మూడు నిమిషాలకు, ముక్కు పైకెత్తి ఎక్కుతున్న విమానం ఉన్నట్టుండి ఎక్కడం మానేసింది. ఇంజిన్ల హోరు తగ్గింది, కడుపులో ఖాళీ అయినట్టనిపించింది. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయికి మరో విమానం ‘చాలా పెద్దదిగా’ కనబడింది. కాసేపటి తర్వాత పైలట్ దారిలో మరో విమానం ఉండడం వల్ల ఎత్తు సర్దుకున్నామని రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. నిజంగా ఢీకొనబోయారా? మన రాజమహేంద్రవరం విమానాశ్రయం మధురపూడిలోనూ ఇలా జరగవచ్చా? సంక్రాంతికి రమ్మంటే అమ్మాయి రైల్లోనే వస్తానంటోంది, ఆమెకు ఏమని చెప్పాలి? ఇవీ మాస్టారి సందేహాలు.

మాస్టారూ, ముప్పై ఏళ్లకు పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేసి, ఇప్పుడు మీకు గౌతమి అవతల కాలువ గట్టు మీది ఊళ్లో ఉంటున్నాను. అలహాబాదు శిక్షణ కేంద్రంలో నేర్చుకున్న పాఠాలు కొన్ని మరిచిపోయాను గానీ, మీ అమ్మాయికి కలిగిన ఆ కడుపు ఖాళీ ఎందుకు వస్తుందో బాగా గుర్తుంది.

దాన్ని కలిగించినది చాలావరకు టీకాస్ అనే యంత్రమే అయి ఉండాలి. ప్రతి పెద్ద ప్రయాణికుల విమానంలోనూ ఉంటుంది. చుట్టుపక్కల విమానాల్లోని ట్రాన్స్‌పాండర్లను, అంటే అడిగితే జవాబిచ్చే రేడియో పరికరాలను, అది ‘నువ్వెక్కడ, ఎంత ఎత్తులో’ అని సెకనుకోసారి అడుగుతూ ఉంటుంది. వచ్చిన జవాబులను బట్టి ఇద్దరూ ఇలాగే పోతే ఎంతసేపట్లో కలుస్తారో లెక్క కడుతుంది. దాని లెక్క దూరంలో కాదు, సమయంలో. మొదట ‘ట్రాఫిక్, ట్రాఫిక్’ అని హెచ్చరిస్తుంది. ఇంకా దగ్గరైతే ‘ఎక్కు’ అనో ‘దిగు’ అనో ‘ఎక్కడం ఆపు’ అనో ఆజ్ఞ ఇస్తుంది. కలిసే క్షణానికి ఎత్తును బట్టి 15 నుంచి 35 సెకన్ల ముందు ఆ ఆజ్ఞ వస్తుంది. నేలకు దగ్గరగా ఉంటే 15 సెకన్లే. పైలట్ 5 సెకన్లలోపు కదలాలి, అదీ మామూలుగా భూమ్యాకర్షణలో పావు వంతు బలంతో. పావు వంతు అంటే ఊయల పైకి వెళ్లి తిరిగి దిగుతున్నప్పటి మెత్తని తేలిక. మీ అమ్మాయికి కలిగింది అదే. చేతిలోని కాఫీ కూడా ఒలికి ఉండదు.

ఇప్పుడు మీ ప్రశ్నకు. ఆ ఆజ్ఞ వచ్చిందంటే ఢీకొనబోయారని అర్థమా? చాలాసార్లు కాదు. ఉదాహరణకు మీ వాళ్ల విమానానికి 5,000 అడుగుల వరకు ఎక్కమన్నారు, సరిగ్గా పైన 6,000 అడుగుల్లో ఇంకొకటి వస్తోంది అనుకోండి. వెయ్యి అడుగుల తేడా ఉంది, నియమం ప్రకారం అది చాలు, ఎవరి తప్పూ లేదు. కానీ మీ వాళ్ల విమానం ఖాళీ బండిలా నిమిషానికి 3,000 అడుగుల వేగంతో దూసుకుపోతోంది. అది 5,000 దగ్గర ఆగుతుందని పైలట్‌కు తెలుసు, కంట్రోలర్‌కు తెలుసు, టీకాస్‌కు మాత్రం తెలియదు. ఇదే ఊపున పోతే ఇరవై సెకన్లలో గుద్దేస్తావని అది కేక పెడుతుంది. ఇందుకే చివరి వెయ్యి అడుగుల్లో ఎక్కే వేగాన్ని నిమిషానికి 1,500 అడుగుల లోపుకు తగ్గించుకోమని పైలట్లకు అంతర్జాతీయ సూచన ఉంది. కొందరు పాటిస్తారు, కొందరికి తొందర. యంత్రాన్ని తప్పుపట్టను. దానికి మనుషుల మధ్య కుదిరిన ఒప్పందాలు తెలియవు, తెలియకుండా తయారుచేయడమే మంచిదైంది.

కిటికీలో పెద్దదిగా కనిపించడం గురించి ఒక చిన్న లెక్క. ఎయిర్‌బస్ ఏ320 పొడవు 37 మీటర్ల పైచిలుకు, అంటే ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రెండు కొబ్బరిచెట్లు. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. అంత దూరంలో ఆ విమానం, మీరు చెయ్యి బారుగా చాపితే నాలుగు వేళ్ల వెడల్పున కనిపిస్తుంది. మేడ మీద నిలబడి ఒకసారి వేళ్లు చాపి చూడండి, ఆకాశంలో అది ఎంత పెద్ద వస్తువో తెలుస్తుంది. రోజూ విమానాలను చుక్కల్లా చూసే కళ్లకు అది మీదపడ్డట్టే ఉంటుంది. కిటికీ దాటి అటూ ఇటూ జరుగుతూ కనిపించింది అంటే ఒకరకంగా మంచిదే. నిజంగా ఢీకొనే విమానం కదలదు. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే సరంగును అడగండి, క్షణంలో చెబుతాడు: ఎదురుగా వచ్చే పడవ పంటు ముందు కొమ్ముకు కుడిపక్కన ఎక్కడ కనిపించిందో అక్కడే ఉండిపోయి, క్రమంగా లావెక్కుతూ ఉంటే, వెంటనే చుక్కాని తిప్పాలి. ఆకాశంలోనూ అంతే. కదలని చుక్క కంటికి ఆనదు, ఆనేసరికి సమయం మిగలదు. 10,000 అడుగుల కింద విమానాల వేగం సాధారణంగా 250 నాట్లకు, అంటే గంటకు దాదాపు 460 కిలోమీటర్లకు, మించనివ్వరు. అయినా రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే మూడు నాటికల్ మైళ్లు, అంటే అయిదున్నర కిలోమీటర్లు, దాదాపు 22 సెకన్లలో హరించుకుపోతాయి.

ఇక రెండో సంభావ్యత, నిజంగానే దూరం తగ్గిపోవడం. దీనికి మన దేశంలోనే ఈ మధ్యకాలపు ఉదాహరణ ఉంది. 2022 జనవరి 7 ఉదయం బెంగళూరులో జరిగింది. అక్కడ సమాంతరంగా రెండు రన్‌వేలు. ఆ ఉదయం ఉత్తర రన్‌వే నుంచి విమానాలు బయలుదేరుతున్నాయి, దక్షిణ రన్‌వే మీద దిగుతున్నాయి. షిఫ్టు పెద్ద ఒకే రన్‌వేతో పని నడపాలని నిర్ణయించుకున్నారు. ఆ మాట దక్షిణ టవర్‌లో కూర్చున్న కంట్రోలర్‌కు చేరలేదు. రెండు టవర్లూ ఎవరి విమానాన్ని వారు లేవమన్నాయి. ఒకే సంస్థకు చెందిన రెండు విమానాలు, ఒకటి కోల్‌కతాకు, ఒకటి భువనేశ్వర్‌కు, దాదాపు ఒకేసారి లేచి ఒకే దిక్కుగా, ఒకదాని దారిలోకి ఒకటి ఒరుగుతూ ఎక్కాయి. రాడార్ తెర ముందున్న కంట్రోలర్ గమనించి చెరో దిక్కుకు తిప్పడంతో గండం గడిచింది. ఒక గదిలో అనుకున్న మాట ఇంకో గదికి వెళ్లకపోవడం, అంతే. మబ్బు కాదు, ఇంజిన్ కాదు, పైలట్ నిద్రపోవడం కాదు. నాకు మరీ నొప్పి కలిగించినది ఇంకొకటి: ఆ సంగతి వెంటనే ఏ లాగ్‌బుక్కులోనూ ఎక్కలేదని పత్రికల్లో వచ్చింది. దాని గురించి తర్వాత చెబుతాను.

లేచిన వెంటనే జరిగే ఘటన, ముప్పై అయిదు వేల అడుగుల్లో జరిగేదానికంటే వేరు. పైన ఉన్నప్పుడు టీకాస్ కాపలా కాస్తుంది. నేల నుంచి దాదాపు వెయ్యి అడుగుల లోపు అది ఆజ్ఞలు ఇవ్వదు. దిగమంటే నేలకు గుద్దుకుంటావు, ఎక్కమంటే అప్పుడే లేచిన విమానానికి అంత సత్తువ ఉండకపోవచ్చు. అందుకే కావాలనే నోరు నొక్కేశారు. ఇంకా కిందికి, 500 అడుగుల లోపు, ‘ట్రాఫిక్’ అనే హెచ్చరిక గొంతు కూడా వినిపించదు. సరిగ్గా ఆ సమయంలోనే పైలట్ల చేతులు ఖాళీగా ఉండవు: చక్రాలు లోపలికి, రెక్కల వెనక ఉండే ఫ్లాపులు సర్దడం, ఇంజిన్ బలం తగ్గించడం, రేడియో మార్చడం. ముక్కు ఆకాశం వైపు ఎత్తి ఉంటుంది కాబట్టి ఎదురుగా కిందున్నది కనబడదు. 2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో దిగబోతున్న విమానాన్ని సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది పోయారు. అది లేచేటప్పుడు కాదు, దిగేటప్పుడే. అయినా కథ ఇదే: దాదాపు ఇరవై సెకన్ల ముందు ‘ట్రాఫిక్’ అన్న హెచ్చరిక వచ్చింది, అంత కిందున్నందువల్ల ఆజ్ఞ రాలేదు.

అంటే ఆ తొలి ఒకటి రెండు నిమిషాలు యంత్రం మీద కాదు, మాటల మీద నడుస్తాయి. ఎవరు ఎవరికి ఏమి చెప్పారు, అవతలివారు విన్నది అదేనా. దీనికి నా దగ్గర ఒక సొంత కథ ఉంది, తలెత్తుకుని చెప్పుకునేది కాదు.

1990ల మొదట్లో ఒకే రన్‌వే ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో పనిచేశాను. ఊరు పేరు వద్దు. రాడార్ లేదు. టవర్‌లో అద్దాలు, ఒక దుర్భిణి, రేడియో, ముందు ఏటవాలు చెక్క మీద స్ట్రిప్పులు. స్ట్రిప్పు అంటే వేలెడు వెడల్పున్న కాగితం ముక్క, ప్లాస్టిక్ పట్టీలో దూర్చి ఉంటుంది. ఒక్కో విమానానికి ఒకటి. దాని మీద పెన్సిల్‌తో పేరు, ఇచ్చిన ఎత్తు, సమయం. పైలట్ ఆ ఎత్తును తిరిగి చెబితే పక్కన ఒక టిక్కు పెడతాం. విమానం కదిలితే పట్టీని ఒక మెట్టు పైకి జరుపుతాం. కంప్యూటర్ తెరల మీద పెరిగిన పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ చెక్క మీద చూపు వేస్తే ఆకాశమంతా కనిపించేది.

ఆ ఉదయం రన్‌వే చివర పంకాల విమానం ఒకటి లేవడానికి సిద్ధంగా ఉంది, నలభై మంది ప్రయాణికులు. దక్షిణం నుంచి ఒక హెలికాప్టర్ వస్తోంది, రన్‌వే దాటి ఉత్తరాన దిగాలి. ‘రన్‌వేకు దక్షిణాన్నే ఉండు, వెయ్యి అడుగుల్లో, చెప్పేవరకు దాటవద్దు’ అన్నాను. ‘రోజర్’ అని జవాబు. నాకు అది చాలనిపించింది. రోజర్ అంటే ‘వినపడింది’ అనే గానీ ‘అలాగే చేస్తాను’ అని కాదు, ఏమి విన్నాడో అసలే చెప్పదు. నేను చెబుతున్నప్పుడే దూరంగా ఇంకో విమానం మాట్లాడే మీట నొక్కింది. రెండు గొంతులు ఒకే తరంగం మీద కలిస్తే కీచుమనే ఈల తప్ప ఏమీ వినిపించదు. నా మాటలో అతనికి చేరింది ‘వెయ్యి అడుగులు’ ఒక్కటే. దక్షిణాన ఉండమన్నది ఈలలో కలిసిపోయింది. అతను వెయ్యి అడుగుల్లో దాటమన్నానని అనుకున్నాడు. అతని స్ట్రిప్పు మీద టిక్కు లేదు. అయినా నేను పంకాల విమానాన్ని లేవమన్నాను.

దుర్భిణి తీసి చూస్తే, విమానం చక్రాలు అప్పుడే మడుచుకుంటున్నాయి. ఆ గుండ్రటి వలయంలో దాని వెనక నుంచి తాటితోపు మీదుగా హెలికాప్టర్ కూడా వచ్చి చేరింది. రెండూ ఒకే వలయంలో. హెలికాప్టర్ తలుపు మీది ఎర్రగీత కనిపించింది. నాకు నోట మాట రాలేదు, నిజం చెబుతున్నాను, మీట మీద వేలు ఉంది గానీ మాట లేదు. విమానం ముక్కు మెల్లగా వాలింది, ఎక్కడం ఆగింది, హెలికాప్టర్ దాని పైనుంచి దాటిపోయింది. రేడియోలో ఆ కెప్టెన్ గొంతు, సంతలో బేరమాడుతున్నంత తాపీగా: ‘హెలికాప్టర్ కనిపించింది, ఎత్తు పట్టి ఉంచాం, ఇప్పుడు మళ్లీ ఎక్కుతున్నాం.’ ఆయన చూడకపోతే ఏ యంత్రమూ ఆపేది కాదు.

మధ్యాహ్నం హెలికాప్టర్ పైలట్ టవర్ ఎక్కి వచ్చాడు. ముగ్గురం టీ తాగాం. మా సీనియర్ ‘ఏమీ కాలేదు కదా, రాస్తే నీ సర్వీసుకే మచ్చ’ అన్నారు. ఆ రోజు రాయలేదు. రెండు రాత్రులు ఆ ఎర్రగీత కళ్లలో మెదిలి, మూడో రోజు ఘటన నివేదిక రాసి పంపాను. మూడు వారాలు టవర్ ఎక్కనివ్వలేదు, మళ్లీ పరీక్ష పెట్టారు. మా సీనియర్ చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు. కానీ నెల తిరగకుండా ఒక కొత్త నియమం వచ్చింది: రన్‌వేకు దక్షిణాన ఉన్న చెరువు గట్టు దగ్గరే హెలికాప్టర్లు ఆగాలి, ‘చెరువు గట్టు దగ్గర ఆగుతాను’ అని పైలట్ తన నోటితో చెప్పాలి, లేచిన విమానం గట్టును దాటిపోవడం కంట్రోలర్ కళ్లతో చూశాకే కదలనివ్వాలి. మన కాలువల లాకుల్లో చేసేది ఇదే. ఎగువ తలుపు, దిగువ తలుపు ఒకేసారి తెరవరు, పడవ లోపలికి వచ్చిందని ఎవరో చెబితే నమ్మరు, చూసి తీస్తారు.

బెంగళూరు సంగతి నన్ను ఎందుకు కలచివేసిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నివేదిక రాస్తే ఒక మనిషికి మూడు వారాల అవమానం. రాయకపోతే ఆ చెరువు గట్టు నియమం పుట్టదు. ఇప్పుడు తప్పించుకునే మలుపు తీసుకోవలసి వచ్చినంత దగ్గరి ఘటనను అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తీవ్ర ఘటనగా లెక్కిస్తారు. మన దగ్గర విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ విచారించి, తుది నివేదికను తన వెబ్‌సైటులో అందరికీ పెడుతుంది. బెంగళూరు ఘటననూ అలాగే విచారించారు. అల్లుడిగారికి ఆసక్తి ఉంటే ప్రయాణ తేదీ, విమానం సంఖ్యతో విమాన సంస్థకు ఒక ఉత్తరం రాయమనండి. టీకాస్ ఆజ్ఞ వచ్చిందా, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు తెలియజేశారా అని రెండే ప్రశ్నలు. రాసి అడిగితే జవాబూ రాతలో వచ్చే అవకాశం ఉంటుంది, ఫోనులో అడిగితే మర్యాదలు మాత్రమే వస్తాయి.

మా తరం కంట్రోలర్లకు ఈ విషయం మీద మాట్లాడుతుంటే హర్యానాలోని చర్ఖీ దాద్రీ గుర్తుకు రాకుండా ఉండదు. 1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీ నుంచి లేచిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్-76 ఢీకొన్నాయి, 349 మంది పోయారు. లేచేవారికి 14,000 అడుగులు, దిగేవారికి 15,000 అడుగులు. దిగేవారు 15,000 దగ్గర ఆగలేదు. అప్పట్లో ఢిల్లీకి రావడానికి, పోవడానికి ఒకటే దారి, పైగా కంట్రోలర్ తెర మీద చుక్కలు కనిపించేవి గానీ వాటి ఎత్తు కనిపించేది కాదు. ఆ తర్వాతే దారులు వేరుచేశారు, ఎత్తు చూపే రాడార్ తెచ్చారు, మన గగనతలంలో టీకాస్ తప్పనిసరి చేశారు. మీ అమ్మాయి ఊయల ఊగినట్టయిన ఆ క్షణం వెనక ఈ 349 మంది ఉన్నారు. టీకాస్ వచ్చాక కూడా, 2002 జులై 1న జర్మనీలో ఊబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది పోయారు. ఒక విమానాన్ని యంత్రం ఎక్కమంటే కంట్రోలర్ దిగమన్నాడు, దాని పైలట్లు మనిషి మాట విన్నారు. అందుకే ఇప్పుడు టీకాస్ ఆజ్ఞ వచ్చిందని పైలట్ చెప్పగానే కంట్రోలర్ ఆ విమానాన్ని ఎటూ తిప్పకూడదు, ఎత్తు మార్చమనకూడదు. అంతా సర్దుకుందని పైలట్ చెప్పేవరకు నోరు కట్టుకుని కూర్చోవడం అంత సులువు కాదు, నేను కూర్చున్నాను.

మధురపూడి సంగతి. ఏటీఆర్‌లనే చిన్న పంకాల విమానాలు తిరిగిన ఆ రన్‌వేను 3,165 మీటర్లకు పెంచాక పెద్ద జెట్లు వస్తున్నాయి, 2024 చివరి నుంచి ముంబై, ఢిల్లీలకూ నేరుగా వెళుతున్నాయి. సముద్రంలోని చమురు రిగ్గులకు వెళ్లే హెలికాప్టర్లూ ఉన్నాయి. వేగాలు కలిసిన చోట జాగ్రత్త ఎక్కువ కావాలన్నది నిజమే. జెట్టు వెనక ఏటీఆర్‌ను వదిలితే దూరం దానంతట అదే పెరుగుతుంది, ఏటీఆర్ వెనక జెట్టును వదిలితే తరుగుతుంది. రాడార్ లేకుండా గడియారంతో నడిపేటప్పుడు లెక్కలు ఇలా ఉంటాయి: లేచిన వెంటనే ఇద్దరి దారులు కనీసం 45 డిగ్రీలు విడిపోతే ఒక నిమిషం తేడా చాలు. ఒకే దారి అయితే, ముందుపోయేది 40 నాట్లు ఎక్కువ వేగం గలదైతే రెండు నిమిషాలు. వెనకది ముందుదాని ఎత్తును దాటి ఎక్కాలంటే అయిదు నిమిషాలు. రన్‌వే చివర విమానం ఊరికే ఆగిందని మనం విసుక్కునే ఆ అయిదు నిమిషాలు ఇవే. పైగా బెంగళూరులో జరిగినట్టు రెండు రన్‌వేలు, రెండు టవర్లు, మధ్యలో చేరని మాట అనే చిక్కు ఇక్కడ లేదు, ఉన్నది ఒకే రన్‌వే. మన వైపు నాకు అంతకంటే ఎక్కువ బెంగ వరికోతలప్పుడు పొలాల మీద లేచే పక్షుల గుంపులంటే. అది వేరే కథ, ఎవరైనా అడిగితే రాస్తాను.

సంక్రాంతికి అమ్మాయిని విమానంలోనే రమ్మనండి. రైలు టిక్కెట్టు ఆ వారంలో ఎలాగూ దొరకదు. బెల్టు సంకేతం ఆరినా బెల్టు విప్పవద్దని మాత్రం చెప్పండి. టీకాస్ ఆజ్ఞల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు లేనివారికి, నడవలో నిలబడ్డవారికి. కిటికీ సీటే తీసుకోమనండి. దిగేముందు గోదావరి మీద వంతెనలు కనిపిస్తాయి.